వేలి మీద మానుతున్న గాయం నుంచి హెచ్‌ఐవీ వస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కొబ్బరికాయ కొడుతుంటే కత్తి జారి చూపుడు వేలు తెగింది. కుట్లు పడేంత గాయం కాదు. ఆరో రోజుకి పక్కు కట్టింది. ఆ రాత్రే, ఈమధ్య పరిచయమైన అమ్మాయితో కలిశారు. కండోమ్ వాడారు, అది చిరగలేదు. అయితే అంతకుముందు ఆ వేలితోనే ఆమె జననాంగాన్ని తాకారు, తడి వేలికి అంటింది. మర్నాడు స్నానం చేస్తుంటే పక్కు ఒక అంచున లేచి కనిపించింది. అప్పటి నుంచి తొమ్మిది రోజులుగా కంటి మీద కునుకు లేదు. హెచ్‌ఐవీ సోకి ఉంటుందా, మందులేమైనా వాడాలా, పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి అని అడిగారు.

నేను చర్మ, సుఖవ్యాధుల డాక్టర్‌ని. చాలా ఏళ్లు ప్రభుత్వాసుపత్రిలో చేశాను, ఇప్పుడు కోస్తాలో ఓ చిన్న పట్టణంలో సొంత క్లినిక్ నడుపుతున్నాను. మీ ప్రశ్నలాంటిది వినని వారం ఉండదు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాసినదాన్ని బట్టి ఆ వేలి గాయం ద్వారా హెచ్‌ఐవీ వచ్చే అవకాశం లేదనే అనుకోండి. మందులు అక్కర్లేదు. గాయం కోసమైతే పరీక్ష కూడా అక్కర్లేదు. కొత్త పరిచయం కాబట్టి, మీ మనసు కుదుటపడాలి కాబట్టి ఒక పరీక్ష చేయించుకోమంటాను. దాని తేదీలు కింద రాశాను. మీరు అడగని సంగతి ఒకటుంది, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి జబ్బుకి టీకా. నిజం చెప్పాలంటే నాకు దాని మీదే ఎక్కువ పట్టింపు.

ఇప్పుడు ఎందుకో చెబుతాను. కారణం తెలియకుండా "ఏం కాదు" అన్న మాట ఒక్క రాత్రికి పనిచేస్తుంది, తెల్లారేసరికి అనుమానం మళ్లీ మొదలవుతుంది.

చర్మం తెగిన కొద్ది నిమిషాల్లోనే నెత్తురు గడ్డకట్టి ఆ సందును పూడుస్తుంది. శుభ్రమైన కత్తిగాటు అయితే ఒకటి రెండు రోజుల్లో రెండు అంచుల నుంచీ కొత్త చర్మకణాలు ఆ గడ్డ కింద నుంచి పాక్కుంటూ వచ్చి కలుసుకుంటాయి. ఆపరేషన్ కుట్ల మీద కట్టును 48 గంటల తర్వాత విప్పేయడానికి ఒప్పుకునేది అందుకే. పైన మీకు కనిపించే పక్కు ఎండిపోయిన నెత్తురు, రసి మాత్రమే. ఏడో రోజున దాని అంచు లేచిందంటే కింద పని పూర్తయిందని, పక్కు ఇక రాలబోతోందని అర్థం. లేచినచోట లేత గులాబీ రంగులో, పొడిగా, కాస్త మెరుస్తూ ఉన్న చర్మం కనిపించి ఉంటుంది. మీ ఉత్తరంలో "రక్తం రాలేదు, తడి లేదు" అని రాశారు చూడండి, నాకు కావలసిన ముక్క అదే.

క్లినిక్‌లో నేను చేసేదీ ఇంతే. లైటు కింద వేలు పెట్టించి, అంచుల్ని రెండు వైపులా మెల్లగా లాగి చూస్తాను. నెత్తురు చుక్క గానీ రసి గానీ ఊరితే అది పచ్చి గాయం. ఏమీ రాకపోతే మూసుకున్నట్టు. అనుమానంగా ఉంటే స్పిరిట్ దూది అద్దుతాను. చర్మం తెరుచుకుని ఉంటే చురుక్కుమంటుంది. ఇంట్లో హ్యాండ్ శానిటైజర్‌తో మీరూ చూసుకోవచ్చు. వేళ్లకే సుమా, జననాంగాల మీద ఈ పని చేయకండి, ఒళ్లు మండిపోతుంది.

హెచ్‌ఐవీ వైపు నుంచి చూద్దాం. ఈ వైరస్ రక్తం, వీర్యం, యోని స్రావం, మలద్వారంలోని స్రావం, చనుబాలు, వీటిలో ఉంటుంది. ఉంటే సరిపోదు, తగినంత మోతాదులో ఉండి నేరుగా రక్తంలోకో, లోపలి మెత్తటి పొరల్లోకో చేరాలి. బయట గాలి తగిలి ఆరేకొద్దీ దాని సత్తువ తగ్గిపోతుంది. మంచి చర్మం దాన్ని లోపలికి రానివ్వదు. ఆసుపత్రి సిబ్బంది విషయంలో లెక్కలున్నాయి. హెచ్‌ఐవీ ఉన్న మనిషి నెత్తురు అంటిన సూది ఒంట్లో గుచ్చుకున్నా సోకే అవకాశం 0.23 శాతమే. అంటే అలాంటి వెయ్యి సంఘటనల్లో రెండో మూడో. అదే నెత్తురు కంట్లోనో నోట్లోనో చిందితే 0.09 శాతం, వెయ్యికి ఒకటి కూడా రాదు. అక్కడ ఉన్నది నెత్తురు, అవతలి మనిషికి హెచ్‌ఐవీ ఉందని రూఢిగా తెలుసు, సూది నేరుగా ఒంట్లోకి దిగింది. మీ దగ్గర ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనా ప్రకారం హెచ్‌ఐవీతో ఉన్న పెద్దవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. దేశ సగటు 0.21 కంటే మన దగ్గర ఎక్కువే, దాన్ని తేలిగ్గా తీసుకోమని అనను. అయినా ఆమె స్థితి తెలియదు గనక ఆమెకు ఉందనే లెక్కవేసుకున్నా, మూసుకున్న గాయం మూసుకున్న గాయమే.

ఇదే పచ్చి గాయం అయితే జవాబు మారేదా? కొంత మారేది. అప్పుడే తెగి నెత్తురు కారుతున్న వేలు, దానికి అవతలివారి నెత్తురు (నెలసరి రోజులనుకోండి) బాగా తగలడం, వాళ్లకు హెచ్‌ఐవీ ఉండి మందులు వాడకపోవడం, ఇవన్నీ కలిసొస్తే దాన్ని నేను పట్టించుకుంటాను. వెంటనే సబ్బుతో పారే నీళ్ల కింద కడగమంటాను, పిండొద్దంటాను, 72 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి పంపుతాను. అక్కడ అవసరమని తేలిస్తే మూడు మందులు కలిసిన మాత్ర రోజుకొకటి చొప్పున 28 రోజులు ఇస్తారు. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటాక మొదలుపెట్టి లాభం లేదు. మీకు తొమ్మిది రోజులు గడిచాయి కదా, సమయం చేజారిందని కుమిలిపోకండి. మొదటి రోజే నా దగ్గరికి వచ్చినా మీకు ఆ మాత్ర రాసేవాణ్ని కాదు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మీకు వర్తించదు గానీ, ఇది చదివే మరొకరికి వర్తించవచ్చు. గాయం కంటికి కనిపిస్తుంది కాబట్టి భయమంతా దాని చుట్టూ చేరుతుంది, అసలు ప్రమాదం పక్కకు పోతుంది. ఒకాయన వేలి కణుపు మీద గీరుకుపోయిన చోటు చూపించి అరగంట దాని గురించే అడిగాడు. శానిటైజర్ రాసుకున్నాడట, డెట్టాల్ పోసుకున్నాడట, రోజూ ఫొటోలు తీసి పెట్టుకున్నాడు. నేను కండోమ్ సంగతి అడిగితే తల దించుకుని "లేదండీ" అన్నాడు. ఆయన వేలికి ఏ ప్రమాదమూ లేదు, ఉన్నదంతా కండోమ్ లేని కలయికలోనే. అదృష్టవశాత్తూ రెండో రోజే వచ్చాడు కాబట్టి అటునుంచటే హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి పంపి మందు మొదలుపెట్టించగలిగాం. ఇంకో రెండు రోజులు గాయం ఫొటోలు చూసుకుంటూ కూర్చుని ఉంటే ఆ అవకాశం పోయేది. అందుకే నేను ఎవరినైనా ముందు అడిగేది గాయం గురించి కాదు, కండోమ్ గురించి.

హెచ్‌ఐవీ కంటే గాయాన్ని తేలిగ్గా దాటగలిగేవి వేరే ఉన్నాయి. వాటి గురించి ఎవరూ అడగరు.

మొదటిది హెపటైటిస్ బి. ఈ వైరస్ మొండిది. బయట ఎండిన నెత్తుటి మరకలో ఏడు రోజుల దాకా బతికి ఉండగలదు. టీకా వేయించుకోనివాళ్లకు సూది గుచ్చుకుంటే సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. పైన చెప్పిన హెచ్‌ఐవీ లెక్కతో పోల్చి చూడండి. పచ్చి గాయం, కలయిక, ఒకే రేజర్ ఇద్దరు వాడటం, అన్నీ దానికి దారులే. సంతోషించాల్సిన విషయం ఏమిటంటే దీనికి టీకా ఉంది. మన దేశంలో జన్యు ఇంజనీరింగ్‌తో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా 1997లో మన హైదరాబాద్‌లోనే, శాంతా బయోటెక్నిక్స్‌లో తయారైంది. దాంతో ధర ఎంతో దిగొచ్చింది. ఇప్పుడు పుట్టే పిల్లలకు సర్కారు టీకాల్లోనే వేస్తున్నారు. మీరు 27 ఏళ్లని రాశారు. మీ ఈడువాళ్లకు ఇంట్లోవాళ్లు బయట వేయించి ఉంటే పడినట్టు, లేకపోతే లేనట్టే. అమ్మను అడగండి, పాత టీకా కార్డు ఉంటే చూడండి. లేదనుకుంటే హెపటైటిస్ బి ఇప్పటికే ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్‌ఏజీ అనే రక్తపరీక్ష చేయించుకుని ఈ వారంలోనే మొదటి డోసు వేయించుకోండి. నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. నా జవాబు మొత్తంలో ఒక్క పని చేయాలంటే ఇదే చేయండి.

రెండోది హెర్పీస్. అవతలివారికి జననాంగాల మీదో పెదవి మీదో నీటిపొక్కులు ఉంటే, మన వేలి మీద తోలు లేచిన చోటు నుంచి లోపలికి వెళ్తుంది. రెండు నుంచి పన్నెండు రోజుల్లో వేలి కొసన సన్నటి పొక్కులు గుంపుగా లేస్తాయి, విపరీతంగా సలుపుతాయి. చూడటానికి అచ్చం గోరుచుట్టులా ఉంటుంది. అందుకే దాన్ని గోరుచుట్టనుకుని కోసేస్తారు. అలా కోయించుకుని మరీ నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. కోస్తే చీము రాదు, పైగా పుండు పెద్దదై ఎక్కువ రోజులు పీడిస్తుంది. దీనికి ఎసైక్లోవిర్ మాత్రలు, నొప్పికి మందు, వేలికి కట్టు చాలు. కోయకూడదు.

మూడోది సిఫిలిస్, పాతకాలంలో సవాయి అనేవారు. అవతలివారి పుండు మన తెగిన చర్మానికి నేరుగా తగిలితే రావచ్చు. పది రోజుల నుంచి తొంభై రోజుల్లోపు, సాధారణంగా మూడు వారాలకు, తగిలిన చోటే ఒక గట్టి పుండు లేస్తుంది, నొప్పి ఉండదు. జననాంగాల మీదే ఎక్కువ, వేలి మీద అరుదు. మానిపోయిన గాయం ఉన్న చోట మళ్లీ నొప్పిలేని పుండు లేస్తే, చంకలో బిళ్ల కడితే ఆగకుండా సిఫిలిస్‌కి చేసే రక్తపరీక్ష వీడీఆర్‌ఎల్ చేయించుకోండి. తొలిదశలో పట్టుకుంటే ఒక్కసారి పెన్సిలిన్ వైద్యంతో పూర్తిగా నయమైపోతుంది. పులిపిర్లు కూడా గాట్ల ద్వారా అంటుకుంటాయి గానీ అవి బయటపడటానికి నెలలు పడుతుంది, ప్రాణభయం లేనివి.

మామూలు చీము సంగతి కూడా చెప్పాలి. కలయిక తర్వాత గాయానికి నిజంగా జరిగే చెరుపు చాలాసార్లు ఇదే. చుట్టూ ఎరుపు రోజురోజుకీ పాకడం, వేడి, సలుపు, చీము, జ్వరం, గాయం నుంచి చేతి పైకి ఎర్రటి గీత లేవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. షుగర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పసుపు, కాఫీపొడి అద్దడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. కాఫీపొడి గాయంలో ఇరుక్కుని నల్లటి ముద్దలా గట్టిపడుతుంది, దాన్ని కడిగి తీసేటప్పుడు మానుతున్న చర్మం కూడా ఊడొస్తుంది. సబ్బు, నీళ్లు, శుభ్రమైన గుడ్డ, అంతే కావాలి.

వేలు కాకుండా వేరే గాయాల గురించి అడిగేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి కొంచెం పక్కకు వెళ్తాను.

షేవింగ్ గాట్లు. పెళ్లికి ముందురోజు కొత్త బ్లేడుతో జననాంగం చుట్టూ వెంట్రుకలు తీసుకుని, పెళ్లయిన మూడో రోజుకి అక్కడ ఎర్రటి కురుపులు లేస్తే బిక్కచచ్చిపోయి వచ్చే కుర్రాళ్లను ప్రతి పెళ్లిళ్ల సీజన్లో చూస్తాను. పక్కనే పెళ్లికూతురు ఉంటుంది, ఆమెకు అనుమానం, ఇతనికి అవమానం. అది నూటికి తొంభై పాళ్లు వెంట్రుకల కుదుళ్ల దగ్గర బ్లేడు తగిలి లేచిన కురుపే, సుఖరోగం కాదు. నున్నగా గీయకండి, ట్రిమ్మర్‌తో కురచ చేసుకుంటే చాలు. గీసుకునే అలవాటు మానలేకపోతే కలయికకు ఒకటి రెండు రోజుల ముందే చేసుకోండి, ఆ గాట్లు మూసుకుంటాయి.

కాన్పు కుట్లు, సిజేరియన్ కుట్లు. ఇక్కడ భయం తలకిందులవుతుంది. భార్య గాయం నుంచి తనకేమైనా వస్తుందా అని భర్త అడుగుతాడు, నిజానికి ఇబ్బంది పడేది ఆమె. లోపల గర్భసంచి మాననిదే, కుట్లు గట్టిపడనిదే తొందరపడితే చీము పట్టేది ఆమెకే. మామూలుగా ఆరు వారాలు ఆగమంటాం, ఆ తర్వాతైనా ఆమెకు నొప్పి లేకుండా, ఆమె సరేనంటేనే. సున్తీ చేయించుకున్న పెద్దవాళ్లకు కూడా దాదాపు ఆరు వారాలే. "పైకి మానినట్టే ఉంది కదండీ" అంటారు. లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది.

జననాంగం మీదే పుండుంటే మాత్రం అది వేలి గాయంలాంటిది కాదు. అక్కడి చర్మం పలచన, పొర తడిగా ఉంటుంది, తగిలే సమయమూ ఎక్కువ. అక్కడ పుండున్నవాళ్లకు హెచ్‌ఐవీ సోకే అవకాశం పెరుగుతుంది. అది మానేదాకా కలయిక ఆపి, ఆ పుండు ఏమిటో తేల్చుకోండి. ప్రభుత్వాసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి, సుఖవ్యాధులకు రంగు రంగుల కిట్లలో మందులు ఉచితంగా ఇస్తారు. బస్టాండు గోడల మీద పోస్టరు అంటించి లాడ్జి గదిలో కూర్చునేవాళ్ల దగ్గరికి పోకండి. వేలి మీద పక్కు చూపించినవాడికి "నరాల బలహీనత" అని చెప్పి వేలకు వేలు గుంజిన సంగతులు నా పేషెంట్ల నోట విని కడుపు మండిపోతుంది.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. పరీక్ష ఎప్పుడంటే: నరం నుంచి నెత్తురు తీసి ల్యాబులో చేసే నాలుగో తరం (వైరస్‌నీ, దానికి ఎదురుగా ఒంట్లో పుట్టే యాంటీబాడీలనీ కలిపి వెతికే) హెచ్‌ఐవీ పరీక్ష 45 రోజులకు నెగెటివ్ వస్తే నమ్మేయొచ్చు. ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం (ఐసీటీసీ)లో చేసే పరీక్షకైతే 90 రోజులు ఆగితే పూర్తి భరోసా. అప్పుడే వీడీఆర్‌ఎల్, హెచ్‌బీఎస్‌ఏజీ కూడా ఒకేసారి అయిపోతాయి. ఐసీటీసీలో డబ్బు కట్టక్కర్లేదు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయట పెట్టకూడదు. వెళ్లడానికి జంకుగా ఉంటే ముందు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, అదీ ఉచితమే.

ఇవాళే వెళ్లి పరీక్ష చేయించుకోకండి. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా అది ఆ రాత్రి గురించి ఏమీ చెప్పదు, మీరేమో వారానికోసారి వెళ్లడం మొదలుపెడతారు. ఒక కుర్రాడు రిపోర్టుల కట్ట పట్టుకుని వచ్చాడు, అన్నీ నెగెటివే. అతని వేలు చూస్తే ఇంకా ఎర్రగా పచ్చిగా ఉంది. ఎన్నాళ్ల గాయమంటే నెలలంటాడు. ఇంతకాలం ఎందుకు మానలేదా అని చూస్తే, మానిందో లేదో తెలుసుకోవడానికి రోజూ రాత్రి గోటితో పక్కు లేపి చూస్తున్నాడు! ఒక చిన్న కట్టు వేసి, వారం దాకా విప్పొద్దని చెప్పి పంపాం. వారానికి మానిపోయింది. అతని నిద్ర సంగతికి మాత్రం సైకియాట్రిస్టు సాయం తీసుకోవాల్సి వచ్చింది, దానివల్ల నిజంగా బాగుపడ్డాడు. మీకూ 90 రోజుల నెగెటివ్ తర్వాత కూడా భయం వదలకపోతే అది వేలి జబ్బు కాదని గుర్తించి ఆ సాయం అడగండి, సిగ్గుపడాల్సింది అందులో ఏమీ లేదు.

ఈలోపు కాస్త జ్వరం, గొంతునొప్పి, ఒంటి మీద దద్దు కనిపిస్తే సెల్‌ఫోనులో హెచ్‌ఐవీ లక్షణాలు వెతకొద్దు. మన ఊళ్లలో జలుబు, డెంగీ, వైరల్ జ్వరాలన్నీ అలాగే ఉంటాయి. లక్షణాలు చూసి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం.

చివరగా మీరు రెండు ముక్కల్లో అడిగి వదిలేశారు, "ఆమెకు చెప్పాలా" అని. గాయం గురించి చెప్పాల్సిన పని లేదు. మళ్లీ కలిసే ఉద్దేశం ఉంటే మాత్రం "ఇద్దరం ఒకసారి పరీక్ష చేయించుకుందాం" అని అడగండి. నేరం మోపినట్టు కాకుండా, నేనూ చేయించుకుంటాననే మాటతో మొదలుపెట్టండి. ఆమె కూడా మీ గురించి ఇదే ఆలోచిస్తూ ఉండొచ్చు. వేలి మీద గాటు ఉన్న రోజుల్లో కట్టు వేసుకోండి, లేదా మెడికల్ షాపులో దొరికే చేతి గ్లోవ్ తొడుక్కోండి. టీకా సంగతి తేలాక ఇక్కడే రాయండి, రెండో డోసు తేదీ చెబుతాను.